ఏడువన్నెల రాయి - ఐశ్వర్యపు బేరము

ఆభరణము ధరించుట దోషము గాదు. దానిని ధరించినచో ధనము వచ్చును, బుద్ధి వికసించును, వ్యాధి తొలగును అని నమ్మించి విక్రయించుట దోషము. ఈ రెండింటికిని గల భేదము మన యిండ్లలో నానాటికి చెరిగిపోవుచున్నది. గ్రహదోషము పేరు చెప్పి నీలమును, గోమేధికమును అంటగట్టువారు నేడు దేశాంతరమునుండి వచ్చిన యొక క్రొత్త రాతిని గూడ ఆ పెట్టెలోనే చేర్చుచున్నారు. ఆ రాతి పేరు అమ్మొలైటు. ఏడువన్నెల ఐశ్వర్యశిల యని దానికి బిరుదు. కెనడా దేశమున ఆల్బర్టా రాష్ట్రములో స్థిరపడిన మన తెలుగువారు స్వదేశమునకు వచ్చునప్పుడు చెల్లెండ్రకును మేనకోడండ్రకును దీనిని కానుకగా తెచ్చుటయు గలదు. కానుక మంచిదే. దానితో గూడ వచ్చు ఫలశ్రుతి మంచిది గాదు. నా వాదమంతయు ఆ ఫలశ్రుతితోనే.

మొదట ఆ రాయి యేదో తెలిసికొందము. ఇప్పటికి సుమారు 7 కోట్ల సంవత్సరములకు పూర్వము ఉత్తర అమెరికా ఖండము నడుమ ఉత్తరమునుండి దక్షిణమునకు నిడుపుగా ఒక సముద్రము వ్యాపించియుండెను. అందు అమ్మొనైటులను ప్రాణులు వసించుచుండెను. అవి నత్తలవలె చుట్టలు చుట్టుకొన్న గుల్లలలో నుండెను గాని నత్తలు గావు. ఆక్టొపస్ మొదలగు వాని బంధుకోటిలోనివి. గుల్ల లోపల అడ్డుగోడలతో గదులు గదులుగా నుండును. ప్రాణి కట్టకడపటి గదిలో కాపురముండి, వెనుకటి గదులను నీటిలో తేలుటకు వాడుకొనెడిది. గుల్ల పొట్టేలి కొమ్మువలె మెలిదిరిగియుండుటచేత, పొట్టేలి కొమ్ములు గల ఈజిప్టు దైవము అమ్మోను పేరు పాశ్చాత్యులు దానికి పెట్టిరి. 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట, రాక్షసిబల్లులు నశించిన కాలముననే యీ జాతి యంతయు నశించెను. నాటి సముద్రపుటడుగు బురదయే నేడు ఆల్బర్టా దక్షిణభాగమున బేర్‌పా అని పిలువబడు శిలాస్తరము. లెత్‌బ్రిడ్జి పట్టణమునకు దక్షిణమున, సెయింట్ మేరీ నది పరిసరములలో, ఆభరణమునకు పనికివచ్చు గుల్లలు దొరకుచున్నవి. అమ్మొనైటు శిలాజములు లోకమున పెక్కుచోట్ల నున్నవి. మనకు పొరుగుననే తమిళనాట అరియలూరు ప్రాంతమున గలవు. కాని రత్నముగా చెక్కదగిన వన్నెతో, వర్తకమునకు చాలినంతగా లభించునది దాదాపు ఆ యొక్క చోటనే.

గుల్ల పదార్థమేమి? ముత్యమునకును, ముత్యపుచిప్ప లోపలి మెఱుగునకును ఏది పదార్థమో అదియే: ఆరగొనైటు అను సున్నపు ఖనిజము. మన తాంబూలములోని గుల్లసున్నము గూడ ఇట్టి గుల్లలను కాల్చి చేసినదే. సాధారణముగా నిది కాలక్రమమున కరగిపోవును, లేదా కాల్సైటను మఱియొక రూపమునకు మాఱి మెఱుగును గోల్పోవును. ఆల్బర్టాలో ఆనాటి అగ్నిపర్వతముల బూడిద సముద్రమున బడి బంకమన్నుగా మాఱెను. ఆ మన్నును బురదయు గలసి గుల్లలను గట్టిగా కప్పివేసి, నీరు చొరనీయలేదు. పైబడిన పొరల బరువునకు గుల్లలు నలిగినవి, పగిలినవి. పదార్థము మాత్రము చెడలేదు. రాతిలో కనబడు ఆ చిట్లిన గీతలు, అద్దపు ముక్కలు పేర్చిన కిటికీవలె నుండు ఆ తీరు, ఆ నలుగుడు ఫలమే. ఇందు ఆశ్చర్యపడదగినది చాలినంత యున్నది. దీనికి మీద మఱియొక మహిమను అతికించవలసిన యవసరము వర్తకునకు ఎందుకు గలిగెనో నాకు బోధపడదు.

ఇక వన్నె. ఈ రాతిలో రంగు లేదని చెప్పినచో నమ్మువారు తక్కువ. తరగతిలో నేనీ మాట యన్నపుడు పిల్లలు పకాలున నవ్విరి. కెంపులోని ఎఱుపునకు క్రోమియమను లోహపు లేశము కారణము. ఇచ్చటి వన్నెలకు అట్టి లోహమేదియు కారణము గాదు. ఆరగొనైటు అతిసూక్ష్మములైన రేకులుగా, తాటాకు గ్రంథములోని ఆకులవలె, ఒకదానిపై నొకటి పేర్చబడి యున్నది. వెలుగు పై రేకునుండి కొంతయు, దాని క్రింది రేకులనుండి కొంతయు తిరిగివచ్చును. తిరిగివచ్చిన కిరణములు కలిసికొన్నపుడు కొన్ని వన్నెలు బలపడును, కొన్ని అణగిపోవును. వాననీటిపై తేలు నూనెచుక్కలోను, సబ్బు బుడగలోను, నెమలి యీకలోను మనము చూచునది ఈ విద్యయే. రేకులు కొంచెము మందమైనచో ఎఱుపును ఆకుపచ్చయు. పలుచనైనచో నీలమును ఊదాయు. పలుచని రేకులు తేలికగా చెడిపోవును గనుకనే నీలమును ఊదాయు అరుదు. రాతిని కొంచెము వాల్చి చూచినచో ఎఱ్ఱనిచోట పచ్చదనము కానవచ్చును.

ఇప్పుడు ఫలశ్రుతి వినుడు. గత శతాబ్దపు చివరి దశకములో, అనగా 1990 దాటిన తరువాత, చీనావారి వాస్తువైన ఫెంగ్‌షుయి నభ్యసించువారు కొందఱు ఈ రాతిని చేపట్టిరి. ఎఱుపు అభివృద్ధికి, ఆకుపచ్చ వివేకమునకు, పసుపు ధనమునకు అని వారు విభజించి చెప్పిరి. శరీరములోని ప్రాణశక్తి ప్రవాహమును చక్కజేసి మలినములను పోగొట్టునని గూడ చెప్పిరి. ఒకే పదార్థము, ఒకే గుల్ల. రేకు మందములో కంటికి కానరానంత భేదము. ఆ మాత్రమునకు ఒక మూల వివేకమును, దాని ప్రక్కమూల అభివృద్ధియు వెలసినవట! ధరించిన యామె తల వంచినపుడు పతకము వాలి ఆకుపచ్చ ఎఱుపైనచో, అప్పటి వఱకు గలిగిన వివేకము ఏమగును? దీపమార్పినచో ఆ రాతిలో ఏ వన్నెయు లేదు. రాత్రి యంతయు లక్ష్మి సెలవు పుచ్చుకొనునా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పు పుస్తకమును నేనింతవఱకు చూడలేదు.

చీనావారిని చూచి నవ్వుట సులభము. మనవారి సంగతి చూతము. ముత్యము చంద్రునకు ప్రీతియని మన జోస్యులు ఏనాడో నిర్ణయించిరి. ముత్యమును అమ్మొలైటును పదార్థముచే ఒక్కటియే యని పైన జెప్పితిని. ఒక దేశమున నది మనశ్శాంతి నిచ్చుచుండగా వేఱొక దేశమున ధనము నిచ్చుట యెట్లు? గోడకు వేసిన వెల్ల యారిన తరువాత మిగులునదియు రాసాయనికముగా ఆ పదార్థమే. రాతి మహిమ పదార్థమున నుండునేని, సంక్రాంతికి వెల్లవేసికొన్న ప్రతి గృహస్థును కుబేరుడు గావలెను. పదార్థమున గాక రూపమున మహిమ యున్నదందురా, రూపమనగా ఇచ్చట రేకుల మందమే గదా! మహిమ అటు పదార్థములోను లేదు, ఇటు రూపములోను లేదు. అది అమ్మువాని నాలుకమీద నున్నది.

ఇది వినోదముగా వ్రాయదగిన విషయమైనచో నేనింత పట్టుదలతో వ్రాయను. మా పాఠశాలలో ఏడవ తరగతి చదువు పిల్లవాడొకడు లెక్కలలో వరుసగా తప్పుచుండెను. తండ్రి చిన్న వ్యాపారి, మంచివాడు, కొడుకు చదువుపై ప్రాణము పెట్టుకొన్నవాడు. ఒక రత్నాల దుకాణమున ఎవరో ఆయనకు ఆకుపచ్చ మిక్కుటముగా గల అమ్మొలైటు ఉంగరమును చూపి, ఇది వివేకమునకు, పరీక్షలకు ముందు కుడిచేతికి తొడుగవలెనని చెప్పిరి. ఆయన భార్య గాజుల జతను కుదువబెట్టి దానిని కొనెను. ఆ గాజులు ఆమె పుట్టింటివారు పెట్టినవి. స్త్రీధనమును భార్య యనుమతి లేక ముట్టరాదని మన ధర్మశాస్త్రములు సయితము చెప్పుచుండగా, ఆమెను అడిగిన వారెవరును లేరు. పిల్లవాడు ఉంగరము తొడుగుకొని వచ్చి మఱల తప్పెను. వానిని నేను ముందు బల్లమీదికి మార్చి కూర్చుండబెట్టినపుడు సంగతి తెలిసినది: వానికి నల్లబల్లమీది అంకెలు కనబడుట లేదు. 3 అని వ్రాసినది 8 అని చదువుచున్నాడు. వానికి వలసినది కండ్లద్దములు. ఉంగరపు వెలలో అవి యెంత భాగమో లెక్కవేసి చెప్పినపుడు ఆ తండ్రి మొగము చూడలేకపోతిని. ఇట్టి నమ్మకముచే ఎవరికేమి నష్టమని అడుగు మిత్రులు నాకు గలరు. నష్టము ఉంగరములో లేదు. ఉంగరము కొన్న తరువాత ఇక చేయవలసినది చేసితిమను తృప్తి కలుగును గదా, అందులో నున్నది. ఆ తృప్తి వచ్చిన యింట పిల్లవాని కండ్లను పరీక్షింపవలెనను తలంపు పుట్టదు.

ఆ యుంగరమును భూతద్దము క్రింద అంచువైపునుండి చూచితిని. మూడు పొరలు స్పష్టముగా కనబడినవి. దీనిని గూర్చి గృహిణులు తప్పక తెలిసికొనవలెను. వన్నె గల పొర మిల్లీమీటరునకు లోపే యుండును. ఖనిజముల గట్టిదనమును కొలుచు మోస్ కొలమానములో నిది 4 ప్రాంతమున నుండును, స్ఫటికము 7. మన యింటి దుమ్ములో స్ఫటికపు రేణువులు ఎల్లప్పుడు నుండును గనుక, ఉత్త గుడ్డతో తుడిచినను గీత పడవచ్చును. అందుచే పనివారు వన్నెపొర వెనుక నల్లని మట్టిరాతి పలకను అతికి రెండుపొరల రాయి చేయుదురు. ఆపై స్ఫటికమునుగాని, చేతితో తయారుచేసిన స్పినెల్‌నుగాని మూతగా అతికినచో మూడుపొరల రాయి. చిట్లిన పొరలు రాలకుండ జిగురుద్రవ్యము పట్టించుటయు గలదు. రెండుపొరల పని 1967లో ఆల్బర్టాలోనే వర్తకమునకు వచ్చినది. ఆభరణ వర్తకుల అంతర్జాతీయ సమాఖ్య 1981లో అమ్మొలైటును రత్నముగా అంగీకరించినది. ఆల్బర్టా ప్రభుత్వము 2004లో దీనిని తమ రాష్ట్రరత్నముగా ప్రకటించినది. పొరలు అతుకుట మోసము గాదు. అది లేనిదే యుంగరము నాలుగు నాళ్లు నిలువదు. అతికిన సంగతి దాచి, పొర లేని గట్టిరాతి వెలకు అమ్ముట మోసము. సున్నపు పదార్థము గనుక దీనికి పులుపు పడదు. మూతలేని రాతిని చేతికి పెట్టుకొని చింతపండు పిసికినను, నిమ్మకాయ పిండినను మెఱుగు చెడును. అత్తరును, కేశములకు చల్లుకొను ద్రవములును అంతే. ఐశ్వర్యమును గూర్చి అన్ని మాటలు చెప్పినవాడు చింతపండును గూర్చి యొక్క మాటయైన చెప్పలేదని ఆ పిల్లవాని తల్లి నాతో ననెను.

ఈ రాతిని అమ్ముటకు వాడు కథ మఱియొకటి కలదు: ఆ దేశపు ఆదివాసులు దీనిని అదృష్టశిలగా కొలిచిరని. సగము నిజము చెప్పుటయే వర్తకపు నేర్పు. ఆ మైదానములు బ్లాక్‌ఫుట్ జాతులవి. వారిలో కైనై యను శాఖవారి భూములు నేటికిని ఆ నదీప్రాంతముననే యున్నవి, ఆ భూములలోను ఈ గుల్లలు గలవు. వారికి ఇనిస్కిం అను పవిత్రశిల యున్నది. అనగా అడవిదున్నల రాయి. కఱవు కాలమున ఒక స్త్రీకి ఒక రాయి పాడుచున్నట్లు వినబడినదనియు, అది ఆమెకు పాట నేర్పినదనియు, ఆ పాటకు మందలు తిరిగి వచ్చి జనులు బ్రతికిరనియు వారి యైతిహ్యము. ఆ శిలలు తఱచుగా ఏ వన్నెయు లేని శిలాజపు ముక్కలు. ఎఱ్ఱమన్ను పూసి, మూటగట్టి, ఆచారముతో దాచుకొనెడివి. ఆకలిగొన్న జనసమూహము ఆహారమునకై చేసిన ప్రార్థన యది. దుకాణపు అద్దాల పెట్టెలోని ఐశ్వర్యమునకును దీనికిని ఏమి చుట్టరికము? ఆ జాతులవారు 1877లో ఆంగ్ల ప్రభుత్వముతో ఏడవ ఒడంబడిక చేసికొనిరి. తరువాత కొలది యేండ్లలోనే ఆ మైదానములలో అడవిదున్నలు లేకపోయెను. తెల్లవారి తుపాకులును తోళ్ల వర్తకమును వానిని రూపుమాపెను. దున్నలను పిలుచు రాయి మిగిలినది, దున్నలు మిగులలేదు. అట్టివారి పేరును అదృష్టమునకు సాక్ష్యముగా పట్టి చూపుటకు నోరు రావలెను గదా!

ఆ మాట వ్రాయుచుండగా మన పూజాగృహములే నాకు గుర్తుకు వచ్చినవి. చదువరులలో ననేకుల యిండ్లలో సాలగ్రామమున్నది. నేపాళమున గండకీ నదిలో దొరకు ఆ నల్లని గుండ్రని రాళ్లలో పెక్కింటి చక్రము అమ్మొనైటు గుల్ల ముద్రయే. ఆల్బర్టా గుల్లలకంటెను ప్రాచీనతరమైన సముద్రమునందలి ప్రాణి. హిమాలయములు పైకి లేచినపుడు ఆ సముద్రపుటడుగు కొండయై లేచినది. ఇది విని మా పితామహులవంటివారు కోపగింతురేమో. కాని వారి యాచారములో నాకు మిక్కిలి గౌరవము కలిగించునది యొకటి గలదు: సాలగ్రామమునకు వెల కట్టరాదు. తండ్రినుండి కొడుకునకు రావలెను, లేదా ఇచ్చువారు ఉచితముగా నీయవలెను. కొనుటయు అమ్ముటయు పాపమని వారు నమ్మిరి. నమ్మకము నాది గాకపోయినను ఆ నియమము నాదే. పవిత్రమని తలచినదానిని అంగడి కెక్కింపరాదని తెలిసిన పెద్దల మనుమలు నేడు చరవాణి తెరలపై సాలగ్రామములకు వెలలు చదువుచున్నారు. ఆ తెరమీదనే ప్రక్కగా ఏడువన్నెల రాయి. బ్లాక్‌ఫుట్ స్త్రీకిని మన తాతకును నమ్మకమున్నది, బేరము లేదు. ఈ వర్తకునకు బేరమున్నది, నమ్మకము లేదు. నమ్మినచో అంత ఐశ్వర్యశిలను ఎవడైన ఇతరులకు అమ్ముకొనునా?

సంస్కారప్రియులలో కొందఱు ఆభరణములనే పూర్తిగా విసర్జింపవలెనని వాదింతురు. వారితో నేను ఏకీభవింపను. అందమును చూచి ఆనందించుట మనుష్యధర్మము. స్త్రీలు దానిని ధరించినపుడే కొందఱికి అది వ్యర్థవ్యయముగా తోచుట, పురుషుల చేతి గడియారములపై ఆ విమర్శ రాకపోవుట నాకు హాస్యాస్పదముగ నుండును. అమ్మొలైటు అందమైనది, నిజముగా నందమైనది. గనులు త్రవ్వువారివలన విద్యకు మేలు గూడ కలుగుచున్నది. 2007లో ఈ గుల్లలకై త్రవ్వుచుండగా ఆ సముద్రమున నీదిన పొడవుమెడ సరీసృపము కళేబరము బయల్పడినది. 2012లో శాస్త్రజ్ఞులు దానిని వర్ణించి ఆల్బర్టొనెక్టీస్ అని పేరిడిరి. దాని మెడలో 76 ఎముకలు! మెడ పొడవే సుమారు 7 మీటర్లు. మన మెడలోనివి 7 అని తెలిసిన పిల్లవానికి ఈ సంగతి చెప్పినచో వాడు రాత్రి నిద్రపోడు. ఇట్టి చరిత్ర గల రాతిని చేతబట్టుకొని, దీనివలన ధనము వచ్చునా యని యడుగువారిని చూచినచో, మహాభారతము ప్రతిని చేతికిచ్చినపుడు ఇది తూకమునకెంత వచ్చునని యడిగిన కాగితాల వ్యాపారి తలపునకు వచ్చును.

కావున సోదరీమణులారా, కొనదలచినచో కొనుడు. కొనునపుడు వర్తకుని మూడు మాటలు అడుగుడు: ఎన్ని పొరలు? పైమూత దేనితో చేసినది? ఏ ప్రాంతమునుండి వచ్చినది? సమాధానములను రసీదుమీద వ్రాయించుకొనుడు. వ్రాయుటకు వెనుదీయువాని దుకాణమునుండి వెలుపలికి రండు. ధనము, బుద్ధి, ఆరోగ్యము అను మాటలలో నేదియైన నతని నోట వచ్చినచో, దానిని గూడ రసీదుమీద వ్రాసి సంతకము చేయుమనుడు; ఆ మాట యంతటితో ఆగిపోవును.

ఆల్బర్టానుండి ఏటేట వచ్చు మన బంధువులకు నాదొక మనవి. మీ చెల్లెండ్రకు పతకములు తెచ్చుచునే యుండుడు. మా బోటి పాఠశాలలకు మాత్రము వన్నె లేనిదైనను, విఱిగినదైనను, గదులు కనబడునట్లు కోసిన అమ్మొనైటు ముక్క యొకటి తెచ్చి పెట్టుడు. అక్కడ శిలాజములు రాష్ట్రప్రభుత్వపు సొత్తు. దేశము దాటించుటకు అనుమతిపత్రము వలయును. అది తీసికొని, ఆ పత్రము నకలును గూడ పంపినచో, దానిని రాతి ప్రక్కనే అద్దపు బీరువాలో పెట్టింతును.